ట్రైకో కార్డుల్లో రెండు కల్చర్లు కలిపాక మగవే ఎక్కువొస్తున్నాయి, ఎందుకు?

ఆయకట్టు (హాలియా)

అందరికీ నమస్తే. సాగర్ ఎడమ కాలువ కింద మా రైతు సంఘం తరఫున చిన్న ట్రైకోగ్రామా (పంట పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని పాడుచేసే బుల్లి కందిరీగ) యూనిట్ నడుపుతున్నాం. కోర్సైరా (బియ్యపు చిమ్మట) గుడ్ల మీద జపోనికమ్, కైలోనిస్ అనే రెండు ట్రైకో జాతులూ పెంచుతాం. ఆ గుడ్లు అంటించిన అట్టలే కార్డులు. వరిలో కాండం తొలుచు పురుగుకు, ఆకుముడతకు, పత్తిలో కాయతొలిచే పురుగులకు మా దగ్గర కార్డులు తీసుకుంటారు.

ప్రశ్న కైలోనిస్ గురించి. మా కల్చర్ ఈ దిక్కు పొలాల్లో ఏరిన గుడ్ల నుంచే మొదలైంది. ఏళ్లుగా కోర్సైరా మీదే తిరుగుతోంది కాబట్టి చురుకు తగ్గింది. కొత్త రక్తం కలుపుదామని వేరే రాష్ట్రంలోని ఒక యూనిట్ నుంచి కైలోనిస్ తెప్పించి, ఒక్క ర్యాక్‌లో మాత్రం పాతదానితో కలిపి వదిలాం. నాలుగో రోజుకల్లా గుడ్లు నల్లబడ్డాయి, అంటే లోపల ట్రైకో పిల్లలు పెరుగుతున్నట్టే. కార్డు చూస్తే వంక పెట్టడానికి లేదు. కానీ అందులోంచి వచ్చిన తరంలో ఆడవి బాగా తక్కువ. కలపని ర్యాకులన్నీ మామూలుగానే ఉన్నాయి. గది అదే, కోర్సైరా అదే, తేనె అదే. కారణం ఏమై ఉంటుంది?

మందులషాపు (మిర్యాలగూడ)

తమ్ముడూ, కంటికే సరిగ్గా ఆనని పురుగులో ఆడ, మగ లెక్కపెట్టే ఓపిక ఉందా మీకు! నా షాపుకొచ్చే రైతులు చెప్పేది వేరే. కార్డు కట్టిన మర్నాడే చీమలు తిన్నాయంటారు, లేదంటే వానకు తడిసిందంటారు. ముందు అది చూడండి.

కోర్సైరా అక్క (జడ్చర్ల)

ఆయకట్టు తమ్ముడూ, పెద్ద కారణాలకు పోయే ముందు చిన్నవి తీసేయాలి.

లెక్క ఏ రోజు పెట్టారు? మగవి ముందు బయటికొస్తాయి, గుడ్ల మీదే తిరుగుతూ ఆడవాటి కోసం కాచుకుంటాయి. మొదటిరోజు పొద్దున చూస్తే ఏ కార్డులోనైనా మగవే ఎక్కువ. అన్నీ బయటికొచ్చాక, చచ్చాక లెక్కపెట్టాలి.

రెండోది, తల్లి ట్రైకోలు ఎక్కువై గుడ్లు తక్కువైతే ఒకే గుడ్డులో రెండు మూడు పిల్లలు పడతాయి. అలాంటి ఇరుకులో ఆడవి మగ గుడ్లనే ఎక్కువగా పెడతాయి. కలిపిన ర్యాక్‌లో రెండు కల్చర్ల కార్డులూ పెట్టి గుడ్లు మాత్రం పాత లెక్కలోనే ఇచ్చారా?

మూడోది వేడి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోతే గది ఎంత వేడెక్కుతుందో తెలిసిందే. 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలని పుస్తకాలు చెప్తాయి. ఉంచడం మనకు తెలుసు, కరెంటుకు తెలియదు.

ఆయకట్టు (హాలియా)

అక్కా, అన్నీ చచ్చాకే లెక్కపెట్టాను. గుడ్లు దానికి తగ్గట్టు పెంచాను. వేడి సంగతైతే పక్క ర్యాకులకూ అంతే కదా, అక్కడ తేడా లేదు. ఆడ, మగ గుర్తు పట్టడం కష్టమేం కాదు. లెన్స్ కింద మీసాలు చూస్తే చాలు. మగదానికి మీసం నిండా పొడుగాటి వెంట్రుకలుంటాయి. ఆడదాని మీసం చివర లావుగా గదలా ఉంటుంది, వెంట్రుకలు పొట్టివి.

సూక్ష్మదర్శిని (నాగర్‌కర్నూల్ వాడిని, ఇప్పుడు బయట చదువు)

ఆయకట్టు గారు చెప్పిన దాన్ని బట్టి చూస్తే ఈ రెండు కల్చర్లు ఒకదానితో ఒకటి పొసగడం లేదని నా అనుమానం. కొంచెం వివరంగా రాస్తాను.

చీమలు, తేనెటీగలు, కందిరీగల జాతిలో ఆడ, మగ నిర్ణయం మనలాగా ఉండదు. తల్లి గుడ్డును వీర్యంతో కలిపితే ఆడపిల్ల, కలపకపోతే మగపిల్ల. మగదానికి తండ్రి ఉండడు, తల్లి నుంచి వచ్చిన ఒక్క వరుస క్రోమోజోములతోనే బతుకుతుంది. ట్రైకోగ్రామా కూడా ఇంతే. మగతోడు లేని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, కోర్సైరా గుడ్లు నల్లబడతాయి, అన్నీ మగవే వస్తాయి.

ఇప్పుడు వేరు వేరు చోట్ల నుంచి వచ్చిన రెండు గుంపులు కలిశాయనుకోండి. జత కడతాయి, వీర్యం కూడా చేరుతుంది. కానీ గుడ్డులో తండ్రి క్రోమోజోములు, తల్లి గుడ్డు ఒకదానికొకటి పొసగకపోతే, కలిసిన గుడ్డే పాడవుతుంది. ఆడపిల్ల అవ్వాల్సిన గుడ్డు అక్కడే చస్తుంది, లేదా తండ్రి క్రోమోజోములు నాశనమై తల్లివి మాత్రమే మిగిలి మగపిల్ల అవుతుంది. రెండింట్లో ఏది జరిగినా కార్డులోంచి బయటికొచ్చేది మగవే. దెబ్బంతా ఆడపిల్లల మీదే పడుతుంది, మగపిల్లలకు ఏమీ కాదు, వాటికి తండ్రితో పనే లేదు కాబట్టి.

అందుకే నల్లబడిన గుడ్ల లెక్క చూసి మోసపోతాం. మొదటి తరం తల్లులు గుడ్లు బాగానే పెడతాయి, కార్డు నల్లగా నిగనిగలాడుతుంది. తేడా తెలిసేది పిల్లల్లో ఆడవాటిని లెక్కపెట్టినప్పుడే.

మరో సంగతి. రెండు కార్డుల మీదా కైలోనిస్ అని ఉందని రెండూ ఒకటే అనుకోవద్దు. ట్రైకోగ్రామాలో పేర్ల చరిత్రే గందరగోళం. మన దేశంలో ఒకప్పుడు మినుటమ్ అని, ఇవానెసెన్స్ అని, ఆస్ట్రేలికమ్ అని రకరకాలుగా రాసుకున్నారు. బెంగళూరులో పనిచేసిన సుధా నాగర్కట్టి, నాగరాజ కలిసి 1971లో మగదాని జననాంగం చూస్తేనే జాతి తేలుతుందని చూపించాక ఈ చిక్కు విడింది. ఆడవాటిని చూసి ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. కార్డు అమ్మేవాళ్లు ఎంతమంది మగదాన్ని స్లైడు మీద పెట్టి చూస్తారు?

గద్వాల సీడుపత్తి (గద్వాల)

ఇది మాకు కొత్త కాదు సార్. మా దిక్కు విత్తన పత్తి చేలల్లో ఆడ సాలు, మగ సాలు వేరుగా పెట్టి చేత్తో క్రాసింగ్ చేస్తాం. పొద్దున మగ పూలు తెచ్చి ఆడ మొగ్గలకు పుప్పొడి రాస్తే కాయ నిలుస్తుంది. అదే సాళ్లు తారుమారైతే కంపెనీ వాళ్లు విత్తనం తీసుకోరు. మీ పురుగులో కూడా ఎవరు తల్లి, ఎవరు తండ్రి అన్న దాన్ని బట్టి ఫలితం మారుతుందా?

సూక్ష్మదర్శిని

సరిగ్గా పట్టుకున్నారు అన్నా. ఒకవైపు కలిపితే పిల్లలు బాగానే వస్తాయి, తిప్పి కలిపితే మగవే వస్తాయి. ఇలా ఒకవైపే పొసగకపోవడం ఈ చిన్న కందిరీగల్లో చాలాసార్లు కనపడింది. రెండువైపులా పొసగకపోవడం కూడా ఉంది.

కాబట్టి ఆయకట్టు గారూ, ర్యాక్‌లో గుంపుగా కలిపి చూస్తే ఏమీ తేలదు. జంటలు కట్టించాలి. ఇవి బయటికి రాగానే జత కడతాయి కాబట్టి, వచ్చాక పట్టుకుంటే ఆలస్యమే. నల్లబడిన గుడ్లను సన్నని బ్రష్‌తో విడదీసి, ఒక్కో గాజు గొట్టంలో ఒక్క గుడ్డు వేసి దూదితో మూయండి. ఏ గొట్టంలోనైనా రెండు పురుగులొస్తే దాన్ని పక్కన పెట్టేయండి, అవి లోపలే జత కట్టి ఉంటాయి.

తర్వాత పాత ఆడది పాత మగది, కొత్త ఆడది కొత్త మగది, పాత ఆడది కొత్త మగది, కొత్త ఆడది పాత మగది. వీటితోపాటు రెండు కల్చర్లలోనూ కొన్ని ఆడవాటిని మగతోడు లేకుండా ఒంటరిగా ఉంచండి. ఒంటరిదానికి మగపిల్లలే రావాలి. ఆడపిల్లలు వస్తే కథ పూర్తిగా వేరు. ప్రతి గొట్టంలో తేనె చుక్క కాదు, గీత పెట్టండి, చుక్కలో ఇరుక్కుని చస్తాయి. తాజా కోర్సైరా గుడ్లు ఒక రోజు ఇచ్చి తల్లిని తీసేయండి. నల్లబడినవి ఎన్ని, అందులోంచి బయటికొచ్చినవి ఎన్ని, ఆడవి ఎన్ని, మూడూ రాయండి. బయటికి రానివి ఎన్నో కూడా అవసరం. గుడ్డు చస్తోందా, మగదిగా మారుతోందా అన్నది ఆ లెక్కతోనే తెలుస్తుంది.

కోర్సైరా అక్క

గుడ్లకు అల్ట్రావయొలెట్ లైటు చూపించడం మర్చిపోవద్దు. లేకుంటే మిగిలిపోయిన గుడ్లలోంచి కోర్సైరా పిల్లలు వచ్చి నల్ల గుడ్లను కూడా తినేస్తాయి, నీ లెక్క గంగలో కలుస్తుంది.

పాలమూరు ఆముదం (కల్వకుర్తి దిక్కు)

నాకు ల్యాబు సంగతి తెలియదు. చెలకలో ఆముదం వేసేవాణ్ణి. దాసరి పురుగు మీద పడితే ఆకు మిగలదు. కానీ ఆ పురుగు కింద వెనకభాగంలో తెల్లటి గూడు అంటుకుని కనపడితే మందు కొట్టకుండా ఆగేవాళ్లం. కొద్దిరోజులకు పురుగులు వాటంతటవే తగ్గేవి. అది కూడా ఈ కందిరీగల జాతేనా? మన చేలల్లో ఉండేవాటికి, కార్డుల్లోంచి వచ్చేవాటికి కూడా పొసగకపోతే ఎట్లా?

సూక్ష్మదర్శిని

పెద్దాయనా, ఆ గూడు మైక్రోప్లైటిస్ అనే కందిరీగది. అది గొంగళిపురుగు లోపల పెరుగుతుంది, ట్రైకోగ్రామా మాత్రం గుడ్డులోనే పని ముగిస్తుంది. దాసరి పురుగు గుడ్లకూ ఒక ట్రైకోగ్రామా ఉంది. దాని శాస్త్రీయ నామం అకేయే, దాసరి పురుగు శాస్త్రీయ నామం నుంచి వచ్చిందే. నాగరాజ, నాగర్కట్టి మన దేశం నుంచే దాన్ని వర్ణించారు. ఇప్పుడు స్పెయిన్‌లో గ్రీన్‌హౌస్ టమాటాల మీద టూటా పురుగుకు దాన్ని వాడుతున్నారు. మన చెలకల దగ్గరి జీవి అక్కడ పెట్టెల్లో అమ్ముడుపోతోంది.

చేలలోవాటితో పొసగకపోతే ఏమవుతుందన్నది మంచి ప్రశ్న. కార్డులు కట్టేది గుడ్ల మీద అప్పటికప్పుడు దాడి చేయడానికి. ఆ పనికి జత అవసరం లేదు. కానీ కార్డులోంచి వచ్చిన మగవి చేలలోని ఆడవాటితో జత కడితే, ఆ ఆడవాటి తర్వాతి తరంలో ఆడపిల్లలు తగ్గుతాయి. కార్డులు కట్టడం ఆపేశాక చేనులో మిగిలే సొంత బలగం మీద ఆ ప్రభావం పడొచ్చు.

మందులషాపు

ఇప్పుడొచ్చారు దారికి. మీరే చెప్పారు, గుడ్డు మీద దాడి చేయడానికి జత అవసరం లేదని. ఎకరానికి రెండు కార్డులు కట్టాడు, నలభై వేల గుడ్లు. వాటిలోంచి వచ్చినవి మొగి పురుగు గుడ్లను తిన్నాయి. వాటికి మనవరాళ్లు పుట్టారా, మనవలు పుట్టారా, నా రైతుకెందుకు? మళ్లీ వారం కొత్త కార్డు కడతాడు. ఇదంతా చదువుకున్నోళ్ల టెన్షన్.

గద్వాల సీడుపత్తి

అన్నా, నలభై వేలలో మగవి గుడ్డు పెడతాయా? కలిపిన ర్యాక్ నుంచి వచ్చిన తరమే కార్డుగా అమ్మితే రైతు కొన్నది మగవే కదా.

మందులషాపు

సరే, ఆ మాట నిజమే. కానీ నేనన్నదీ అబద్ధం కాదు.

సూక్ష్మదర్శిని

ఇద్దరూ చెప్పింది నిజమే. కలపని రెండు కల్చర్ల కార్డులు పక్కపక్కన ఒకే చేనులో కట్టినా ఆ వారం పనికి లోటు లేదు. ఆడది ఎవరితో జత కట్టినా, కట్టకపోయినా పురుగు గుడ్డును పాడుచేస్తుంది. నష్టం మొదట తగిలేది పెంచే యూనిట్‌కు, దాని తర్వాత ఆ యూనిట్ కార్డు కొన్నవాళ్లకు. ఇక శాశ్వతంగా నిలదొక్కుకోవాలని బయటి దేశం నుంచి తెచ్చి వదిలే జీవులైతే తరతరానికీ దెబ్బే.

దేవరకొండ తోట (దేవరకొండ, బత్తాయి)

శాశ్వతంగా నిలిచే సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. బత్తాయి కొమ్మల మీద, కాయల మీద పొలుసు పురుగు పట్టినప్పుడు దానికి కూడా కందిరీగలు ఉంటాయని శిక్షణలో చెప్పారు. మా తోటల్లో ఎవరూ కార్డులు కట్టలేదు. అవి వాటంతటవే ఉంటాయా? అందులోనూ ఈ పొసగని గొడవ ఉందా?

సూక్ష్మదర్శిని

బత్తాయి అన్నారు కాబట్టి ఈ కథ మీకు చెప్పాల్సిందే. ఈ పొసగకపోవడం ఎంత ముఖ్యమో చూపించిన కథల్లో ఒకటి నిమ్మజాతి తోటలదే.

కాలిఫోర్నియాలో ఎర్ర పొలుసు పురుగు నారింజ తోటలను నాశనం చేసేది. దాని పుట్టిల్లు ఆసియా. శత్రువుల కోసం దశాబ్దాల పాటు ఆసియాలో వెతికారు. ఆఫైటిస్ అనే పసుపు రంగు చిన్న కందిరీగ ఎక్కడ చూసినా కనపడేది. మా దగ్గర ఆల్రెడీ ఉన్న క్రైసోంఫాలి అనే ఆఫైటిస్ ఇదే కదా అనుకుని కాలిఫోర్నియా వాళ్లు పట్టించుకోలేదు. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి మరి. తర్వాత తేలిందేమిటంటే అవి వేరు వేరు జాతులు. 1947, 48 ప్రాంతంలో దక్షిణ చైనా నుంచి లింగ్నానెన్సిస్ తెచ్చారు. 1956, 57లో మన భారతదేశం, పాకిస్తాన్ నుంచి మెలైనస్ తెచ్చారు. లోపలి ఎండ ప్రాంతాల్లో మెలైనస్ మిగతావాటిని పక్కకు నెట్టి పని చేసింది. ఇవాళ్టికీ కాలిఫోర్నియా నిమ్మజాతి రైతులు దాన్ని కొని వదులుతారు.

చూపుకు తేడా తెలియని వీటిని విడదీసిన పద్ధతుల్లో ఒకటి నేను పైన చెప్పిన జంటల పరీక్షే. డీబాక్, రావు కలిసి 1969లో అచ్చువేసిన సంకర ప్రయోగాల్లో కొన్ని ఆఫైటిస్ గుంపులు బాగా పొసిగాయి, కొన్ని అరకొరగా, కొన్ని అసలే కాదు. ఒకటే జాతి, వేరే జాతి అని గీత గీసి చెప్పే వీల్లేకుండా మధ్యలో మెట్లున్నాయి. మీ తోటలో ఆఫైటిస్ ఉందా అంటే, పొలుసును సూదితో ఎత్తి లెన్స్‌తో చూడండి. గుండ్రటి రంధ్రం ఉంటే లోపల ఏదో ఒక కందిరీగ పెరిగి బయటికి పోయినట్టే.

దేవరకొండ తోట

చూస్తాను. రంధ్రాలున్న పొలుసులు నేనూ చూశాను కానీ ఎండి పగిలాయనుకున్నా. మందు ఆపి చూడాలంటే ధైర్యం కావాలి, వ్యాపారి కాయ మీద ఒక్క మచ్చ ఉన్నా టన్నుకు రేటు కోస్తాడు.

ఆయకట్టు (హాలియా)

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. వరి కోతలు అడ్డం వచ్చాయి. జంటల పరీక్ష చేశాం. మా సంఘంలో బీఎస్సీ చదివిన అమ్మాయి ఉంది, బ్రష్‌తో గుడ్లు విడదీసే ఓపిక ఆమెదే.

పాతవి పాతవాటితో, కొత్తవి కొత్తవాటితో: రెండింట్లోనూ ఆడవి సగం కన్నా బాగా ఎక్కువ. ఒంటరి ఆడవి: రెండు కల్చర్లలోనూ అన్నీ మగవే. పాత ఆడది కొత్త మగది: మామూలుగానే ఆడవి వచ్చాయి. కొత్త ఆడది పాత మగది: దాదాపు అన్నీ మగవి. అంతేకాదు, ఈ చివరిదాంట్లో గుడ్లు తక్కువ నల్లబడ్డాయి, నల్లబడినవాటిలో కొన్ని తెరుచుకోలేదు.

ఇంకోటి కూడా గమనించాం. కలిపిన ర్యాక్‌లో పాత కార్డులు ఎక్కువ, కొత్తవి తక్కువ పెట్టాం.

సూక్ష్మదర్శిని

చాలా శుభ్రంగా చేశారు, ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. గుడ్లు తెరుచుకోలేదంటే ఆడపిల్ల అవ్వాల్సిన గుడ్లు మగవిగా మారడం లేదు, చస్తున్నాయి.

మీ చివరి మాటే అసలు కీలకం. పాతవి ఎక్కువ, కొత్తవి తక్కువైతే, కొత్త ఆడదానికి ఎదురయ్యే మగవాటిలో ఎక్కువ పాతవే. అంటే కొత్త ఆడవాటిలో చాలామటుకు పొసగని జంటల్లో పడ్డాయి, వాటికి ఆడపిల్లలు లేరు. పాత ఆడవాటికి ఏ మగది దొరికినా ఇబ్బంది లేదు. కొత్త రక్తమని కొంచెం కొంచెంగా కలిపితే తల్లివైపు నుంచి ఆ కొత్త వంశం తుడిచిపెట్టుకుపోతుంది. డబ్బు పెట్టి తెప్పించిన ఆ వంశం కొన్ని తరాల్లో మాయమవుతుంది, మీకు తెలిసేలోపు ఆడ, మగ లెక్క కూడా సర్దుకుంటుంది.

కారణం ఏమై ఉంటుందంటే, మొదట అనుమానించాల్సింది వోల్బాకియా. పురుగుల కణాల లోపల బతికే బ్యాక్టీరియా, తల్లి నుంచి పిల్లలకు పోతుంది. 1924లో హెర్టిగ్, వోల్బాక్ దీన్ని క్యూలెక్స్ దోమలో మొదట చూశారు. బ్యాక్టీరియా ఉన్న మగది, లేని ఆడది జత కడితే కలిసిన గుడ్లు పాడవుతాయి. తిప్పి జత కడితే ఏమీ కాదు. మీ ఫలితం ఈ లెక్కకు సరిపోతుంది: పాతదాంట్లో బ్యాక్టీరియా ఉంది, కొత్తదాంట్లో లేదు. నసోనియా అనే కందిరీగల్లో ఇలాగే రెండు జాతుల మధ్య గోడ కట్టింది ఈ బ్యాక్టీరియానే అని బ్రూవర్, వెరెన్ 1990లో చూపించారు. కెన్యాలో జొన్న, మక్క కాండం పురుగుల మీద బతికే కొటీసియా సెసామియేలో కూడా ఇదే కనపడింది.

పరీక్షించే దారి కూడా ఉంది. తేనెలో టెట్రాసైక్లిన్ గానీ రిఫాంపిసిన్ గానీ కలిపి పాత కల్చర్‌కు కొన్ని తరాల పాటు పెట్టండి. బ్యాక్టీరియా పోతే, ఆ మగవి కొత్త ఆడవాటితో పొసగాలి.

బ్రాకాన్ (షాద్‌నగర్)

మధ్యలో దూరుతున్నాను. నేను బ్రాకాన్ హెబెటర్ (గొంగళిపురుగుల మీద వదిలే ఇంకో కందిరీగ) పెంచుతాను. ఏడాదికి పైగా ఒకే కల్చర్ తిప్పితే నాకూ మగవే ఎక్కువయ్యాయి. నాదీ ఈ బ్యాక్టీరియానేనా?

సూక్ష్మదర్శిని

మీది వేరే రోగం. బ్రాకాన్‌లో ఆడ, మగ నిర్ణయించే జన్యువు ఒక్క చోట ఉంటుంది. ఆ చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి వేరే రకం వస్తేనే ఆడది. రెండూ ఒకే రకమైతే వీర్యంతో కలిసిన గుడ్డు కూడా మగదే అవుతుంది. వీటిలో చాలా వరకు గుడ్డులోనే చస్తాయి, బతికినవాటికి సంతానం దాదాపు ఉండదు. వైటింగ్ అనే శాస్త్రవేత్త దీన్ని ఈ బ్రాకాన్ మీదే తేల్చాడు. అక్కాతమ్ముళ్ల మధ్యే తరాలు తిరిగితే ఆ జన్యువు రకాలు తగ్గిపోతాయి, మగవి పెరుగుతాయి. మీకు బయటి నుంచి కొత్త రక్తం కలపడమే మందు. ట్రైకోగ్రామాలో ఈ పద్ధతి లేదు, తోబుట్టువులు జత కట్టడం వాటికి మామూలే.

చూశారా, ఒకే లక్షణానికి ఒకచోట కలపడం మందు, ఇంకోచోట కలపడమే జబ్బు.

కోర్సైరా అక్క

నాదో సందేహం. మగతోడు లేకుండానే ఆడపిల్లల్ని కనే ట్రైకోగ్రామాలు ఉన్నాయంటారు కదా. అలాంటి కల్చర్ ఉంటే ఈ తలనొప్పే ఉండదు. నల్లబడిన ప్రతి గుడ్డూ ఆడదే.

సూక్ష్మదర్శిని

ఉన్నాయక్కా. అక్కడా వోల్బాకియానే, పని మాత్రం వేరే. వీర్యం కలవని గుడ్డునే ఆడపిల్లగా మారుస్తుంది. 1990లో స్టౌథామర్, లక్, హామిల్టన్ అలాంటి ట్రైకోగ్రామాలకు యాంటీబయాటిక్ పెడితే మళ్లీ మగవి పుట్టుకొచ్చాయి. వేడి పెట్టినా అంతే, 30 డిగ్రీలు దాటిన వేడిలో తరాలు గడిస్తే బ్యాక్టీరియా పోతుంది. మన వేసవిలో ఏసీ లేని గదిలో దాన్ని నిలబెట్టడం మీకు తేలిక కాదు. పైగా ఆ ఆడవి ల్యాబులో కాసిని గుడ్లు తక్కువ పెడతాయని కూడా చూశారు. ఒకే కోర్సైరా గుడ్డులో రెండు రకాల పిల్లలు పడితే ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకోనూ వచ్చు. కాబట్టి పక్కపక్క ట్రేలలో పెంచవద్దు.

మందులషాపు

టెట్రాసైక్లిన్ కావాలంటే మెడికల్ షాపులో అడగండి, నా దగ్గర ఉండదు. ముందే చెప్తున్నా!

ఆయకట్టు (హాలియా)

యాంటీబయాటిక్ పరీక్ష కూడా అయింది. తరాలు తిప్పి, మందు పెట్టని తేనెతో కూడా ఒక వరుస పక్కనే నడిపాం. ఫలితం సూక్ష్మదర్శిని గారు అనుకున్నట్టు రాలేదు. మందు తిన్న పాత మగవి కూడా కొత్త ఆడవాటితో పొసగలేదు. ఆడపిల్లలు మళ్లీ దాదాపు లేవు. ఇక ముందున్న దారేమిటి?

సూక్ష్మదర్శిని

అయితే బ్యాక్టీరియా కాదనే అనిపిస్తోంది. మందు సరిగ్గా పనిచేసిందో లేదో డీఎన్ఏ పరీక్ష చేయిస్తే పూర్తిగా తేలుతుంది, కానీ నేను ఇప్పుడు రెండో కారణం వైపే మొగ్గుతున్నాను.

ట్రైకోగ్రామా డియాన్ అని అమెరికా జాతి ఉంది. కాలిఫోర్నియాలో రెండు చోట్ల పట్టిన గుంపులు సరిగ్గా మీ వాటిలాగే ఒకవైపే పొసగలేదు. స్టౌథామర్ బృందం 1996లో అచ్చువేసిన పనిలో అది బ్యాక్టీరియా వల్ల కాదని, కేంద్రకంలోని జన్యువుల వల్లేనని తేలింది. అంటే రెండు గుంపులూ విడిగా పెరుగుతూ జాతులుగా చీలే దారిలో ఉండొచ్చు. లేదా మీకొచ్చిన కొత్త కార్డు అసలు కైలోనిస్ కాకపోవచ్చు.

బ్యాక్టీరియా అయితే పని సులువు. పాత ఆడవి, కొత్త మగవి అనే పొసగే దిక్కులోనే జత కట్టిస్తే కొత్త జన్యువులు లోపలికి వచ్చేవి, గొడవ అక్కడితో తీరేది. కేంద్రక జన్యువులైతే ఆ దిక్కులో పుట్టిన పిల్లల్లో కూడా అది దాగి ఉంటుంది. వాటి మగపిల్లలు కొందరు కొత్త ఆడవాటితో పొసుగుతారు, కొందరు పొసగరు. ర్యాక్‌లో మళ్లీ అదే గొడవ, ఈసారి పసిగట్టడం ఇంకా కష్టం.

నా సలహా: రెండు కల్చర్లనుంచీ మగవాటిని ఆల్కహాల్‌లో వేసి, ఎక్కడ, ఏ గుడ్ల మీద సేకరించారో, ఏ తేదీనో చీటీ రాసి బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరోకు గుర్తింపు కోసం పంపండి. ఆడవాటినీ కొన్ని వేయండి, డీఎన్ఏకు పనికొస్తాయి. జవాబు వచ్చేదాకా కొత్తదాన్ని వేరే గదిలో ఉంచండి.

గద్వాల సీడుపత్తి

చురుకు తగ్గిందన్న మొదటి సమస్య అలాగే మిగిలింది కదా సార్.

కోర్సైరా అక్క

దానికి నా దగ్గర మందుంది. బయటి నుంచి తేవడం దేనికి? మీ పొలాల్లోనే కోర్సైరా గుడ్ల కార్డులు, ట్రైకోలు లేనివి, వరిలోనూ పత్తిలోనూ రెండు రోజులు కట్టి తెచ్చుకోండి. అక్కడి ట్రైకోలు వాటి మీద గుడ్లు పెడతాయి. నల్లబడినవి తెచ్చి ఒక్కో గుడ్డు నుంచి ఒక్కో వంశం నడిపి, మగవాటిని చూపించి జాతి తేలాక పాతదానితో జంటల పరీక్ష పెట్టండి. మందు కొట్టని చేను దొరకడమే కష్టం. కట్టేటప్పుడు తీగకు గ్రీజు రాయండి, చీమలు ఎక్కవు.

పాలమూరు ఆముదం

మందు కొట్టని చేను కావాలంటే మా దిక్కు రండి. వానాకాలం ఆముదం వేస్తున్నా, మందు కొట్టే స్థోమత ఎట్లాగూ లేదు. కార్డులు మీవి, చేను నాది.

ఆయకట్టు (హాలియా)

పెద్దాయనా, తప్పకుండా వస్తాం. మీ ఆముదంలోనూ, మా దగ్గర కాలువ కింద వరిలోనూ రెండు చోట్లా కడతాం. కలిపిన ర్యాక్ మొత్తం తీసేశాం, దాని కార్డులు ఎవరికీ అమ్మలేదు. పాత కల్చర్ కార్డులకు పసుపు చీటీ, కొత్తదానికి నీలం చీటీ అంటిస్తున్నాం. ఈ వానాకాలం రైతులకు పసుపు చీటీవి మాత్రమే ఇస్తాం. కార్డు ఇచ్చే ముందు ప్రతి తడవా కొన్ని గుడ్లు పక్కన పెట్టి ఆడ, మగ లెక్క రాసే పుస్తకం ఒకటి మొదలైంది, అది ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. సూక్ష్మదర్శిని గారూ, ఆల్కహాల్ ఎంత శాతం వాడాలి?

సూక్ష్మదర్శిని

స్లైడుకు 70 శాతం చాలు. డీఎన్ఏ కోసం వేసేవాటికి 95 కన్నా ఎక్కువున్నది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా కరిగిపోతుంది.